పెరటికోళ్ళకు తెగులు సోకిన తొలినాడు

పల్లెటూరి ఇంటిలో పశువుల లెక్క యజమాని చెప్పును. కోళ్ళ లెక్క ఇల్లాలు చెప్పును. ఏ పెట్ట గ్రుడ్లు పెట్టుచున్నది, ఏది పొదుగుటకు కూర్చున్నది, ఏ పుంజుపిల్లకు సంక్రాంతినాటికి మంచి ధర పలుకును అను సంగతులు ఆమెకు కంఠతా వచ్చును. వడ్లు అమ్మిన డబ్బు అప్పులవారికిని, ఎరువుల కొట్టుకును పోవును గాని గ్రుడ్లు అమ్మిన డబ్బు ఆమె కొంగుముడిలో నిలుచును. పిల్లల నోటుపుస్తకములు, బస్సు ఛార్జి, పండుగనాడు ఆడపడుచు చేతిలో పెట్టు రూపాయలు ఆ ముడిలోనుండియే వచ్చును. తవుడు, నూకలు, పెంటకుప్పలోని పురుగులు తిని తమంతట తామే పెరుగు ఈ చిన్న సొత్తును గూర్చి పెద్దలెవ్వరును అంతగా ఆలోచింపరు. అది పోయిన నాడు మాత్రము ఇంటిలో తెలియును.

పోవునప్పుడు అది ఒక్కొక్కటిగా పోదు. ఈ దినము ఒక పెట్ట మూల నిలిచి కునుకుచుండును. రేపు రెండు. నాలుగు దినములు గడచునప్పటికి గంప ఎత్తి చూచినచో క్రింద ఏమియు మిగిలి ఉండదు. తరువాత ప్రక్క ఇల్లు, ఆ తరువాత ఎదుటి వీధి. పక్షము తిరుగకముందే తెల్లవారుజామున కోడికూత వినరాని ఊరగును. దీనిని మన పల్లెలలో కొక్కెర తెగులు అందురు. పశువైద్యులు రాణిఖేత్ వ్యాధి అందురు. పెరటికోళ్ళకు వచ్చు రోగములు అనేకములు ఉన్నను, ఈ ప్రసంగములో ఎక్కువ భాగము దీనికే కేటాయించుచున్నాము. ఏలయన, ఊరిని తుడిచిపెట్టునది ఇదే. ముందుగా ఆపదగినదియు ఇదే.

రాణిఖేత్ అనగా హిమాలయ ప్రాంతమున కుమావూ కొండలలోని ఒక ఊరు. 1927 ప్రాంతమున అచ్చట కోళ్ళు మూకుమ్మడిగా చచ్చినప్పుడు, సమీపమున ముక్తేశ్వరములోనున్న పశువైద్య పరిశోధనాలయమువారు పరీక్షించి దీనిని ప్రత్యేక వ్యాధిగా గుర్తించిరి. దానికి ముందటి సంవత్సరమే, 1926లో, ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణమునందును, జావా ద్వీపమునందును ఇదే తెగులు కనిపించినది. అందుచేత లోకమంతట దీనిని న్యూకాజిల్ వ్యాధి అని పిలుతురు. మన దేశమున రాణిఖేత్ పేరు నిలిచినది. పాపము, ఆ ఊరు చేసిన తప్పేమియు లేదు. దీనికి కారణము వైరసు అను అతిసూక్ష్మ జీవి. ఎండదెబ్బ గాని, దిష్టి గాని, గ్రామదేవత ఆగ్రహము గాని కారణము కాదు. జబ్బుపడిన కోడి రెట్టలోను, ముక్కునుండియు నోటినుండియు కారు చీమిడిలోను ఈ వైరసు కోట్లకొలది ఉండును. ఆ రెట్ట ఎవరి చెప్పులకు అంటునో, ఏ నీటి మూకుడులో పడునో, ఏ గంప అడుగున ఎండునో, ఆ దారినే రోగము నడచును. కొక్కెర గాలిలో ఎగిరివచ్చినదని మనవారు అందురు. దగ్గరనున్న కోళ్ళ నడుమ ఊపిరి ద్వారా సోకుట నిజమే. కాని ఒక ఊరినుండి మరియొక ఊరికి అది సాధారణముగా మన చేతులమీదుగానే, మన కాళ్ళమీదుగానే పోవుచున్నది.

రోగమును గుర్తుపట్టుటకు పెద్ద చదువు అక్కరలేదు. దినమునకు రెండు పర్యాయములు, ఉదయము గంప ఎత్తునప్పుడును, సాయంకాలము మూయునప్పుడును, రెండు నిమిషములు నిలిచి చూచు అలవాటు చాలును. ఆరోగ్యముగల కోడి గంప ఎత్తీ ఎత్తకముందే బయటకు దూకును. జుట్టు ఎర్రగా నిగనిగలాడును. కన్ను గుండ్రముగా, చురుకుగా ఉండును. రెట్ట గట్టిగా ఉండి పైన తెల్లని పూత కనబడును. అన్నిటికంటె ఆఖరున వచ్చు కోడిని, లేక రాక లోపలనే ముడుచుకొని ఉన్న కోడిని జ్ఞాపకము పెట్టుకొనవలెను. సాయంకాలము మూయునప్పుడు మెడ క్రింద రొమ్ము పైభాగమున ఉండు మేతసంచిని వ్రేళ్ళతో తడవి చూడవలెను. దినమంతయు తిరిగి మేసిన కోడికి అది నిండుగా ఉండును. చీకటి పడువేళకు అది ఖాళీగా ఉన్నదన్నచో ఆ కోడి ఆ దినము ఏమియు తినలేదన్నమాట. కన్ను కనిపెట్టలేని జబ్బును ఈ వ్రేళ్ళ పరీక్ష ఒక దినము ముందుగా తెలుపును. అనుభవముగల ముసలమ్మలు ఈ పని ఎవరును చెప్పకయే చేయుచుందురు.

కొక్కెర సోకిన కోడి మొదట మేత మానును. రెక్కలు జారవేసి, ఈకలు ఉబ్బించుకొని, కన్నులు మూసి నిలుచును. తరువాత పచ్చగను తెల్లగను నీళ్ళవంటి విరేచనములు పట్టును. నోరు తెరచి, మెడ చాచి, గురగురమని ఊపిరి తీయును. కొన్ని కోళ్ళు మొదటి దెబ్బకు చావక రెండుమూడు దినములు నిలిచినచో మెడ ఒక ప్రక్కకు మెలితిరుగును. కాలో రెక్కయో పడిపోవును. నిలిచినచోటనే గుండ్రముగా తిరుగును. మెడ తిరిగిన కోడిని చూచినవారు ఈ వ్యాధిని మరి మరువరు. టీకా ఎరుగని మందలో నూటికి 80, 90 కోళ్ళు చచ్చుట కలదు. వైరసు శరీరములో ప్రవేశించిన తరువాత సాధారణముగా అయిదారు దినములకు, ఒక్కొక్కప్పుడు రెండు దినములకే, మరియొక్కప్పుడు పదునైదు దినములకు ఈ లక్షణములు బయటపడును. ఈ నడుమ దినములలో కోడి చూచుటకు బాగుగానే ఉండును. ఈ సంగతిని గట్టిగా పట్టుకొనవలెను; సంతలో కొన్న కోడిని గూర్చి మాటాడునప్పుడు తిరిగి దీని అవసరము కలుగును.

కునికిన ప్రతి కోడికిని కొక్కెరయే అని భయపడనక్కరలేదు. జుట్టుమీదను, కన్నుల చుట్టును పులిపిరులవంటి పొక్కులు లేచినచో అది కోళ్ళ మశూచి. దానిని చాలభాగము దోమలు మోసికొనిపోవును. నోటిలోనికి దిగిన రకము ప్రమాదకరమే గాని, పైపొక్కులు మాత్రమే ఉన్న కోళ్ళు మెల్లగా కోలుకొనును. రాలిన చెక్కులలో వైరసు నెలలకొలది బ్రతికి ఉండును కావున వాటిని ఊడ్చి కాల్చవలెను. నెల, నెలన్నర వయసు పిల్లలు రక్తపు రెట్టలు వేయుచు పాలిపోవుచున్నచో అది రక్తపారుడు. గూటిలో తడి, ముక్కిన ఊక దీనికి పుట్టినిల్లు. దీనికి నీటిలో కలిపి ఇచ్చు మందు పశువైద్యశాలలో దొరకును; తొందరగా ఇచ్చినచో పిల్లలు బ్రతుకును. గూడు పొడిగా ఉంచినవారికి ఈ బెడద చాలవరకు ఉండదు. పేలు పట్టిన కోడి రక్తము తగ్గి చిక్కిపోవును. దానికి దొడ్డిలో ఒక మూల బూడిదయు పొడిమన్నును పోసి ఉంచినచో కోడియే పొర్లి తన వైద్యము తాను చేసికొనును.

కోళ్ళ కలరా అని మరియొకటి కలదు. మనుష్యుల కలరాకును దీనికిని సంబంధము లేదు. ఇది వేరొక సూక్ష్మజీవి వలన కలుగును. ఒక ముచ్చట చెప్పవలసియున్నది. ఫ్రాన్సులో లూయీ పాశ్చరు ఈ కోళ్ళ కలరా క్రిములను పెంచుచు, చాలకాలము నిలువ ఉంచిన క్రిములు బలహీనపడుననియు, అట్టివానిని ఎక్కించిన కోళ్ళకు పిమ్మట అసలు రోగము తగులదనియు కనుగొని 1880లో ప్రకటించెను. ప్రయోగశాలలో క్రిములను బలహీనపరచి టీకా చేయు విద్యకు మొదటి పాఠము కోడివద్దనే లభించినది. నేడు మన బిడ్డలకు వేయించు టీకాలలో అనేకములు ఆ దారినే వచ్చినవి. కోళ్ళకు టీకా ఎందుకని నవ్వువారికి ఈ కథ చెప్పవచ్చును.

అసలు విషయమునకు వత్తము. కొక్కెర ప్రవేశించిన ఊరిలో మొదటి ఇల్లు మొదటి దినమున ఏమి చేయునను దానిమీద మిగిలిన ఊరి గతి ఆధారపడియుండును. ఎనిమిది కోళ్ళు ఉన్నవి. ఒకటి చచ్చినది, ఒకటి కునుకుచున్నది. మిగిలిన ఆరును తిరుగుచునే ఉన్నవి. ఇల్లాలి మనస్సులో మొదట పుట్టు ఆలోచన ఏమి? ఇవియు పోకముందే అమ్మివేసినచో నాలుగు డబ్బులైనను దక్కునని. మేము పల్లెలలో తిరుగునప్పుడు ఈ మాట ఎన్ని ఇండ్లలో విన్నామో లెక్కలేదు. ఈ ఆలోచన దురాశ కాదు. బీదయింటివారి జాగ్రత్త. కాని ఫలమేమగునో చూడుడు. ఆ ఆరు కోళ్ళలో కొన్నింటికి అప్పటికే రోగము సోకియుండును. వారపు సంతలో అవి పది ఊళ్ళనుండి వచ్చిన కోళ్ళతో కలసి ఒకే తట్టలో కూర్చుండును. సాయంకాలమునకు ఆరు కోళ్ళును ఆరు ఊళ్ళకు చేరును. అచ్చట రెండవ వారము గంపలు ఖాళీయగును. అమ్మిన ఇల్లాలికి దక్కిన డబ్బు కొద్ది వందలు. అమ్ముటచే ఊళ్ళకు కలిగిన నష్టమును ఎవ్వరును లెక్కవేయరు. నష్టపోయినవారు కూడ ఆమెవంటివారే.

అమ్మనివారు కోయుదురు. కునుకుచున్న కోడిని, చచ్చుటకు ముందే, మెడ కోసి కూర వండుకొందురు. బాగుగా ఉడికిన మాంసములో ఈ వైరసు బ్రతుకదు. రాణిఖేత్ వైరసు మనుష్యునికి చేయు కీడు కూడ స్వల్పము, అంటుకొన్నచో కన్నులు ఎర్రబడి కొలదిదినములలో తగ్గును. కాని కోడిని కోయునప్పుడు రాలిన ఈకలు, ప్రేగులు, కడిగిన నీళ్ళు ఎచ్చటికి పోయినవి? పెంటకుప్పమీదికి. ఆ పెంటకుప్పను తెల్లవారగనే గోకునవి ఎవరి కోళ్ళు? వీధి అందరివి. ఇరుగమ్మ కోళ్ళను నాశనము చేయవలెనని పంతము పట్టినవారు కూడ ఇంతకంటె చక్కని ఉపాయమును కనిపెట్టలేరు. చచ్చిన కోడిని కాలువలో విసరుటయు, ఊరి చివర పారవేయుటయు ఇట్టివే. కుక్క ఒక ముక్కను, కాకి ఒక ముక్కను ఎత్తుకొనిపోవును. కాలువ క్రింద ఊరిలో బాతులును కోళ్ళును ఆ నీరు త్రాగును.

కావున తొలినాడు చేయవలసిన పని ఇది. ఆ ఇంటి కోళ్ళను బయటకు వదలరాదు. కునుకుచున్నదానిని దొడ్డిలో మరియొక కొనను, గాలి పారు దిక్కున, వేరొక గంప క్రింద ఉంచవలెను. మేత, నీరు ముందుగా ఆరోగ్యముగల కోళ్ళకు పెట్టి, జబ్బుకోడివద్దకు ఆఖరున పోవలెను. అటునుండి ఇటు తిరిగి రారాదు. వచ్చినచో చేతులు సబ్బుతో కడుగవలెను, చెప్పులు విడువవలెను. ఈ వరుస మాట చిన్నదిగా తోచును గాని, ఇంటిలోని మిగిలిన కోళ్ళు దక్కునదో లేదో దీనిమీదనే ఉన్నది. చచ్చినదానిని చేతికి సంచి తొడుగుకొని ఎత్తి, బావికిని కాలువకును దూరముగా, మొలలోతు గోయి త్రవ్వి, పైన సున్నము చల్లి పూడ్చవలెను. కుక్కలు త్రవ్వకుండ పైన రాళ్ళును తుమ్మకంపయు వేయుట మరువరాదు. కోడి నిలిచినచోట రెట్టను గీకి కాల్చి, బ్లీచింగు పొడి గాని సున్నము గాని చల్లవలెను. గంపను ఎండలో బోర్లించి ఉంచవలెను. మంచి ఎండ ఈ వైరసునకు శత్రువు; మన దేశమున అది వెలలేకుండ దొరకు మందు.

తరువాత చెప్పుట. ఇదే అన్నిటికంటె కష్టమైన పని. తన ఇంటికోడి చచ్చినదని చెప్పుటకు మనకు సంకోచము. ఊరివారు తన గ్రుడ్లు కొనరేమో, తనవల్లనే వచ్చినదని నిందింతురేమో అని భయము. ఈ భయము ఊరికే పుట్టినది కాదు. చెప్పినవారిని నిందించు ఊళ్ళు మనకు తెలియును. మొదట నోరువిప్పిన ఇంటిని నిందించు ఊరు రెండవసారి ఎవ్వరినోటను మాట వినదు. అట్టివారికి మరుసటి కొక్కెర చెప్పకుండనే వచ్చును. పశువైద్యశాలకు పోలేనివారు 1962 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. ఊరిలో పశుసఖిగా పనిచేయు స్త్రీ ఉన్నచో ఆమెకు చెప్పినను చాలును. అప్పుడే చచ్చిన కోడి ఒకటి దొరికినచో వైద్యుడు కోసి చూచును. కందనకాయకు ముందుండు మెత్తని కడుపుభాగమున ఎర్రని రక్తపుచుక్కలు కనిపించినచో ఆయనకు కొక్కెరయను అనుమానము బలపడును. ఈ పని ఇంటివద్ద మనము చేయదగినది కాదు.

ఇక మందుల మాట. కొక్కెర తగిలిన కోడికి మందు లేదు. ఉల్లి, వెల్లుల్లి, పసుపు, ఆముదము పెట్టువారు పెట్టుదురు. వానివల్ల కోడికి కొంత ఊరట కలిగిన కలుగవచ్చును గాని వైరసు చావదు. అంతకంటె విచారింపదగినది మరియొకటి. మనుష్యుల మందులదుకాణమునుండి రంగు బిళ్ళలు తెచ్చి, నూరి, నీళ్ళలో కలిపి కోళ్ళన్నిటికిని పోయుట ఇప్పుడు వాడుకయైనది. ఆ బిళ్ళలు వైరసును ఏమియు చేయజాలవు. పైపెచ్చు, అట్లు తోచినట్లు వాడిన మందులకు ఇతర క్రిములు అలవాటుపడి, రేపు మన బిడ్డకే జ్వరము వచ్చినప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చును.

బర్డ్ ఫ్లూ అను పేరు పత్రికలలో చూచి కోడికూర మానినవారు మన శ్రోతలలో చాలమంది ఉందురు. మన దేశమున ఇది మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూరునందు బయటపడినది. ఆంధ్రదేశమున 2025 ఫిబ్రవరిలో పశ్చిమగోదావరి జిల్లా వేల్పూరునందును, తూర్పుగోదావరి జిల్లా కానూరు అగ్రహారమునందును కోళ్ళఫారములలో ఈ వ్యాధి ఉన్నదని భోపాలులోని జాతీయ ప్రయోగశాల నిర్ధారించెను. ఆ సంవత్సరముననే ఒక పసిబిడ్డ మన రాష్ట్రములో ఈ వైరసువలన మరణించినది. కావున దీనిని కొక్కెరవలె స్వల్పముగా తలచరాదు. ఒక్కరాత్రిలో అనేక కోళ్ళు చచ్చుట, జుట్టు నీలిరంగు తిరుగుట, తల ముఖము వాచుట దీని లక్షణములు. ఇంటివారికి కొక్కెరనుండి దీనిని వేరుచేయుట సాధ్యము కాదు; ప్రయోగశాలకే సాధ్యము. అందుచేతనే మూకుమ్మడిగా చచ్చిన కోళ్ళను ముట్టుకొనరాదు, పిల్లలను దరిచేరనీయరాదు, కోసి తినుట అంతకంటె కూడదు. 70 డిగ్రీల వేడికి మించి బాగుగా ఉడికిన మాంసమునందును గ్రుడ్డునందును ఈ వైరసు చచ్చును. ప్రమాదమంతయు ఈకలు పీకునప్పుడును, కోయునప్పుడును, పచ్చిమాంసము నోటికి పోయినప్పుడును ఉన్నది.

వ్యాధి నిర్ధారణయైనచో ఒక కిలోమీటరు పరిధిలోని కోళ్ళను ప్రభుత్వమువారు వధించి పూడ్చుదురు. పది కిలోమీటర్లవరకు కనిపెట్టుచుందురు. కోళ్ళవారికి ఇది గుండెకోతయే. ఒక సంగతి మాత్రము తెలిసికొనదగియున్నది. వధించిన కోళ్ళకు పరిహారము కలదు. తామై చచ్చినవాటికి లేదు. ముందుగా తెలిపినవానికి ఎక్కువ దక్కును, దాచినవానికి తక్కువ దక్కును. పశువుల అంటువ్యాధుల నివారణకై 2009లో చేసిన చట్టముకూడ ఇట్టి రోగములను తెలుపుట యజమాని విధియని చెప్పుచున్నది.

ఇప్పుడు టీకా. కొక్కెరకు టీకా ఉన్నది, ధర తక్కువ, పనిచేయును. పిల్ల పుట్టిన ఏడవ దినమున లసోటా అను టీకాను కంటిలో గాని ముక్కులో గాని ఒక్క చుక్క వేయవలెను. పిల్లను చేతిలో పట్టుకొని, చుక్క వేసి, అది కన్నార్పువరకు నిలిచి పిమ్మట వదలవలెను. నాలుగవ వారము చివర మరియొక చుక్క. ఎనిమిది వారములు దాటిన కోడికి ఆర్-టూ-బి అను టీకాను రెక్క క్రింద చర్మములో సూదితో ఇత్తురు. ఇది తెలిసినవారే ఇయ్యవలెను. దాని తరువాత కోడి రెండుమూడు దినములు నలతగా ఉండవచ్చును, గ్రుడ్లు కొంచెము తగ్గవచ్చును. భయపడనక్కరలేదు. పిమ్మట పశువైద్యుడు చెప్పిన గడువుకు తిరిగి వేయించుచుండవలెను. లసోటా అనునది ఏదో శాస్త్రీయనామమని తలతురు గాని, అది అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున 1946లో ఈ మెత్తని వైరసు దొరికిన ఫారము యజమాని ఇంటిపేరు. మన పెరటిలోని పిల్లకు ఎక్కడివారి పేరు రక్షగా వచ్చినదో!

ఇంత సులభమైనది పెరటికోళ్ళకు ఎందుకు అందుట లేదు? చిక్కు సీసాలో ఉన్నది. టీకాసీసా నూరు కోళ్ళకు తక్కువగాక సరిపడునట్లు వచ్చును. నీటిమందులో కలిపిన తరువాత రెండుగంటలలో వాడివేయవలెను, మిగిలినది పారపోయవలసినదే. అంతవరకు దానిని మంచులో, చల్లని పెట్టెలో ఉంచవలెను. ఎండ తగిలిన టీకా వట్టినీరు. ఎనిమిది కోళ్ళ ఇల్లాలు తన ఎనిమిదింటికొరకు సీసా తెచ్చుకొనజాలదు. ఫారములో పదివేల కోళ్ళు ఉన్నవానికి ఈ చిక్కు లేదు. అందుచేత పెరటికోళ్ళ టీకా ఒక ఇంటి పని కాజాలదు. వీధి పని కావలెను. పదునైదు ఇండ్లవారు కలసి ఒక దినము నిర్ణయించుకొని, పశువైద్యశాలకు ముందుగా చెప్పి, తెల్లవారుజామున గంపలెత్తక కోళ్ళను లోపలనే ఉంచినచో ఒక్కగంటలో నూరు కోళ్ళకు టీకా పూర్తియగును. గంపలెత్తిన తరువాత అయినచో ఒక్క పుంజును పట్టుటకే ఊరిపిల్లలందరును కావలెను. మహిళాసంఘములు ఉన్న ఊళ్ళలో ఇది కష్టమైన పని కాదు. ఈ ప్రసంగము వినుచున్న ఇంటివారు తమ వీధిలో ఈ మాటను ఎత్తినచో, మేము ఇచ్చట చెప్పు వేయి మాటలకంటె అది మేలు.

దినము ఎన్నుకొనుటలోకూడ కొంచెము ఆలోచన కావలెను. టీకా వేసిన తరువాత శరీరమునకు బలము వచ్చుటకు సుమారు రెండువారములు పట్టును. సంక్రాంతికి ముందు కోళ్ళ రాకపోకలు మన జిల్లాలలో మరి ఏ ఋతువునందును లేనంతగా ఉండును. ఎండలు ముదురువేళ కొక్కెర విజృంభించుట పల్లెవారందరికిని అనుభవమే. కావున డిసెంబరు మొదటను, మరల ఎండలకు ముందును పెద్ద కోళ్ళకు చూపించుకొనుట మంచిది. పిల్లలు ఏడాది పొడవునను పుట్టుచునే ఉండును. వానికొరకు రెండుమూడు నెలలకొకమారు చుక్కల దినము పెట్టుకొనవలెను. ఇప్పటికే జబ్బు ప్రవేశించిన ఇంటిలో టీకా వేయుట మాత్రము ఉపయోగము లేదు. అప్పుడు ఆ ఇంటిని వదలి, జబ్బు ఇంకను చేరని వీధులలో వేయవలెను. టీకా చేయువాడు జబ్బున్న ఇంటినుండి లేనియింటికి పోరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

పుంజుల సంగతి తలచిన తరువాత ఒకమాట అనక తప్పదు. మన అసీలు పుంజులు లోకప్రసిద్ధములు. డేగ, నెమలి, కాకి అని వన్నెలు చెప్పి, ఏ దినమున ఏ వన్నె గెలుచునో లెక్కలుకట్టు శాస్త్రము మనకు కలదు. పందెము చట్టవిరుద్ధము, దాని మంచిచెడ్డలు నేటి విషయము కావు. కాని బాదము, జీడిపప్పు పెట్టి బిడ్డవలె పెంచిన పుంజును, ఎక్కడెక్కడినుండియో వచ్చిన పుంజులతో నెత్తురు కలిపి, సాయంకాలము తెచ్చి పెట్టలమధ్య వదలు యజమాని పంచాంగము చూచిన శ్రద్ధలో పదవవంతు అంటురోగము మీద చూపిన బాగుండును. అట్టి పుంజును మూడువారములు వేరుగా కట్టి ఉంచవలెను.

సంతలో కొన్న పెట్టకును ఇదే నియమము. చుట్టపుటింటినుండి వచ్చిన పెట్టకును, అమ్మవారి మొక్కుకై తెచ్చిన పుంజుకును, సగముపాలికి పెంచుటకు ఇచ్చిన కోడికిని ఇదే. ఇదివరకు చెప్పినట్లు, రోగము లోపల ఉండియు పదునైదు దినములవరకు పైకి కనబడకపోవచ్చును. అందుచేత మూడువారములు దొడ్డిలో మరియొక మూల, వేరు మూకుడు, వేరు మేత. చోటు లేనివారు పగలు గంప క్రిందనే ఉంచి రోజుకొకచోటికి జరుపవచ్చును. ఇది చుట్టములను అవమానించుట కాదు. వియ్యపురాలు పంపిన పెట్టను వేరుగా మూసినచో ఆమె నొచ్చుకొనునేమోనని వెనుదీయు అమ్మలకు మేము చెప్పునది, నెపము మామీద వేయుడని.

ఎంత జాగ్రత్తపడినను ఒక్కొక్కప్పుడు గంప ఖాళీయగును. ఆ బాధలో వెంటనే పిల్లలను కొని తెచ్చి అదే గూటిలో వేయువారు కలరు. ఆ పిల్లలుకూడ పోవును. గూటిలోని పాత ఊకను, రెట్టను కాల్చి, గోడలకు సున్నము కొట్టి, నేలను గీకి, నెలకు తక్కువగాక ఎండకు వదలవలెను. చుట్టుప్రక్కల ఇండ్లలో చావులు ఆగినవని తెలిసిన పిమ్మటనే కొత్తవాటిని తేవలెను. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధనాలయమువారు పెరటిలో పెంచుటకై వనరాజ, గ్రామప్రియ అను రకములను రూపొందించిరి. వానిని గాని, మన నాటుపిల్లలను గాని తెచ్చునప్పుడు, ఎన్నవ దినమున ఏ టీకా వేసిరో అడిగి, చీటిమీద వ్రాయించుకొని తేవలెను. చెప్పలేని చోట కొనకుండుట మంచిది.